పాత మారుతీ 800కి ఇంట్లోనే టైమింగ్ బెల్టు: మొదటి బోల్టు నుంచి ఫ్లైఓవర్ దాకా

2021 వేసవిలో మా 800కి నేనే టైమింగ్ బెల్టు మార్చాను. సెల్ఫ్ కొట్టగానే బండి స్టార్టయింది. కాస్త వణుకుతోంది కానీ, పాత బండి కదా అని సరిపెట్టుకున్నాను. సంబరంగా విజయవాడ పటమట నుంచి బయల్దేరి కనకదుర్గ ఫ్లైఓవర్ దగ్గరికొచ్చేసరికి అసలు సంగతి తెలిసింది. మూడో గేరులో లాగదు. రెండో గేరులో ఏడుస్తూ ఎక్కింది. వెనకనున్న ఆటోలు హారన్లతో నా పాండిత్యాన్ని సన్మానించాయి. ఇంటికొచ్చి కవరు విప్పి చూస్తే, పైన వాల్వుల్ని నడిపే క్యామ్ పుల్లీ దగ్గర బెల్టు ఒక్క పన్ను తప్పింది. అంతే.

ఈ పనిలో పానా పట్టే భాగం సగం కూడా లేదు. పుల్లీల మీది గుర్తులు కలపడం, కలిశాయని చేత్తో తిప్పి రుజువు చేసుకోవడం, ఆ తర్వాతే సెల్ఫ్ ముట్టుకోవడం. మిగతాదంతా బోల్టులు విప్పి బిగించడమే. అందుకే విప్పడం గురించి త్వరగా చెప్పేసి, గుర్తుల దగ్గర మాత్రం తాపీగా నిలబడతాను.

ఇక్కడ చెప్పేదంతా మొన్న మా బావమరిది బండికి చేసిన పని. వాళ్లది సింగ్ నగర్. 2024 సెప్టెంబరు 1న బుడమేరు ఊరి మీద పడినప్పుడు వాళ్ల 800 బానెట్ దాకా నీళ్లలో నిలబడింది. తర్వాత ఆయిళ్లు మార్చాం, బ్రేకులు విప్పి కడిగాం, సీట్లు ఎండబెట్టాం. బండి తిరిగింది. టైమింగ్ కవరు లోపల ఏముందో మాత్రం ఎవరూ చూడలేదు. కొన్ని నెలలకి పొద్దున్నే స్టార్ట్ చేస్తే తిరగలి తిప్పినట్టు గుర్రుమనడం మొదలైంది.

ముందు మీ బండి ఏదో తేల్చుకోండి

కింద చెప్పిన పద్ధతి పాత మారుతీ 800, ఆమ్నీల్లో వచ్చిన 796 సీసీ, మూడు సిలిండర్ల, ఆరు వాల్వుల ఇంజన్‌కి. 1983 డిసెంబరులో మొదటి 800 రోడ్డెక్కినప్పటి నుంచి ఉన్న ఇంజన్ ఇది. దీనికి పళ్ల రబ్బరు బెల్టు ఉంటుంది. 800 తయారీ 2014 జనవరిలో ఆగిపోయినా మన వీధుల్లో ఏపీ 16 నంబరుతో ఇంకా చాలానే తిరుగుతున్నాయి.

కొత్త తరం మారుతీల్లో కె-సిరీస్ ఇంజన్లకూ, స్విఫ్ట్, డిజైర్లలో వచ్చిన 1.3 డీజిల్‌కూ బెల్టు ఉండదు, చైను ఉంటుంది. చైను వదులైతే స్టార్ట్ చేసిన మొదటి క్షణాల్లో గలగలమంటుంది. దాన్ని మార్చాలంటే ముందు కవరంతా ఊడదీయాలి, సీలెంటు పెట్టి మళ్లీ కూర్చోబెట్టాలి. ఇంటి ముందు మొదటిసారి చేసే పని కాదు. డీజిల్ పంపుని కూడా టైమింగ్ బెల్టే తిప్పే బళ్ల జోలికీ వెళ్లకండి. పంపు గుర్తు తప్పితే అదో కొత్త కథ.

బెల్టు పని, బెల్టు ఆయువు

కింద పిస్టన్లు తిప్పే క్రాంకు రెండు చుట్లు తిరిగితే పైన క్యామ్ ఒక్క చుట్టు తిరగాలి. ఆ లెక్క తప్పకుండా చూసేది ఈ బెల్టే. పిస్టన్ కదలికకి తగ్గ వేళకే వాల్వులు తెరుచుకోవాలి, మూసుకోవాలి. మన ఇంజన్‌లో ప్లగ్గులకి కరెంటు పంచే డిస్ట్రిబ్యూటర్‌నీ క్యామే తిప్పుతుంది. కాబట్టి బెల్టు ఒక పన్ను తప్పితే వాల్వులతోపాటు కరెంటు వేళ కూడా తప్పుతుంది. నా బండి ఫ్లైఓవర్ మీద ఏడ్చింది అందుకే.

బెల్టు తెగే ముందు చెప్పదు. చైనుకి నోరుంది, బెల్టుకి లేదు. నడుస్తూ నడుస్తూ ఇంజన్ ఆగిపోతుంది, సెల్ఫ్ కొడితే మామూలు కంటే తేలిగ్గా గిర్రున తిరుగుతుంది, అంతే. కొన్ని ఇంజన్లలో ఆ క్షణంలోనే తెరిచి ఉన్న వాల్వుకి పిస్టన్ తగిలి వాల్వు వంగిపోతుంది. మీటరు ఒకసారి సున్నాకొచ్చి మళ్లీ మొదలైన బండి కొన్నారనుకోండి, అమ్మినాయన "మొన్ననే మార్పించాం" అన్నా నమ్మకండి. పై కవరు తీసి కళ్లతో చూడండి. చూడాల్సినవి ఇవి:

- పన్ను మొదట్లో గోరుతో గీసినట్టు సన్నటి పగుళ్లు
- అంచుల వెంట దారాలు లేవడం
- వీపు అద్దంలా మెరవడం
- ఆయిల్ తడి. రబ్బరుకి ఆయిల్ విషం. తడిసిన బెల్టుని తుడిచి మళ్లీ వేయకండి, మార్చేయండి

కిలోమీటర్లు తక్కువే కదా అనే లెక్క మన ఊళ్లో సాగదు. మే నెల ఎండలో బానెట్ కింద రబ్బరు నిలబడే ఉన్నా గట్టిపడుతుంది. ఏడాదికి 3 వేలు తిరిగే బండికైనా అయిదారేళ్లకి మార్చడమే నా పద్ధతి. ఇక గుర్రుమనే చప్పుడు బెల్టుది కాదు, బెల్టుని బిగువుగా పట్టి ఉంచే టెన్షనర్ బేరింగుది. దాని గ్రీజు ఎండిపోయినా, మా బావమరిది బండిలోలా బురద చేరినా అలా అరుస్తుంది. బేరింగు పట్టేస్తే ఎంత కొత్త బెల్టయినా నిమిషాల్లో తెగుతుంది. అందుకే రెండూ కలిపే మార్చాలి. బెల్టు కొని బేరింగు దగ్గర పొదుపు చేసేవాళ్లని నేను అర్థం చేసుకోలేను.

ఆటోనగర్‌లో

సామాను ముందే తెచ్చిపెట్టుకోండి. టైమింగ్ బెల్టు, టెన్షనర్ బేరింగు, దాని స్ప్రింగు, క్యామ్ ఆయిల్ సీలు, క్రాంక్ ముందు సీలు, ట్యాపెట్ కవరు గాస్కెట్, ఫ్యాను బెల్టు. విజయవాడలో ఉండి స్పేర్ దొరకలేదంటే నవ్వుతారు. పాత 800 సామాను ఆటోనగర్‌లో దండిగా ఉంటుంది. నకిలీలూ అంతే దండిగా ఉంటాయి. అట్టపెట్టె మీద అక్షరాలు అలుక్కుపోయినట్టున్నా, బెల్టు వీపు మీద పార్ట్ నంబరు లేకపోయినా, బిల్లు ఇవ్వనన్నా వేరే కొట్టుకి వెళ్లండి. రెండు రకాల బెల్టులు చేతికిస్తే పాతదాని పక్కన పెట్టి పళ్లు లెక్కపెట్టి చూసుకోండి. పన్ను ఆకారం కూడా ఒకటేనా చూడాలి, గుండ్రటి పన్ను, చదరపు పన్ను వేరు.

నేను కొన్న కొట్టులో ఒక పెద్దాయన కూర్చుని ఉన్నాడు. మెత్తదనం చూద్దామని కొత్త బెల్టుని రెండు వేళ్ల మధ్య మడవబోయాను.

"ఏందయ్యా అది, పుల్కా అనుకున్నావా మడవడానికి?" అని లాక్కున్నాడు. "లోపల దారాలుంటాయి. అవి విరిగితే పైకి కనపడవు. ఇంటికెళ్లేదాకా పెట్టెలోంచి తీయకు."

ఆయన చెప్పింది అక్షరాలా నిజం. ఈ బెల్టులకి బలమంతా లోపలి దారాల్లోనే ఉంటుంది. మడవకూడదు, మెలిపెట్టకూడదు, లోపలి వైపు బయటికి తిప్పకూడదు, స్క్రూడ్రైవర్ పెట్టి పుల్లీ మీదికి ఎక్కించకూడదు.

పనిముట్లు

10, 12, 14, 17 నంబరు బాక్స్ పానాలు, రాట్చెట్, పొడుగు రాడ్డు, ప్లగ్ పానా, ఫీలర్ గేజ్ (సందులు కొలిచే సన్నటి రేకుల కట్ట), జాకీ, రెండు స్టాండ్లు, వైట్నర్ సీసా, టార్చి. టార్క్ రెంచి (ఎంత గట్టిగా బిగించామో అంకెల్లో చూపే పానా) లేకపోతే ఒక పూట అద్దెకో అరువుకో తెచ్చుకోండి. 10 నంబరు తల ఉండే చిన్న బోల్టులకి సుమారు 10 న్యూటన్ మీటర్లు చాలు. మోచేతి బలమంతా పెడితే అల్యూమినియంలో మర పోతుంది, ఆ తర్వాత ఆ బోల్టు ఎంత తిప్పినా తిరుగుతూనే ఉంటుంది. మిగతా బోల్టుల బిగింపు అంకెలు మీ మోడల్ వర్క్‌షాప్ మాన్యువల్‌లో ఉంటాయి, అవే పాటించండి.

స్టాండ్ల బదులు ఇటుకలు పేర్చడం మన దగ్గర మామూలే. ఇటుక ఉన్నట్టుండి పెళ్లున పగులుతుంది. వద్దు. అపార్టుమెంటు సెల్లార్‌లో గచ్చు మీద చేయండి, తారురోడ్డు మీద ఎండకి స్టాండు దిగబడుతుంది.

విప్పడం

పొద్దున ఆరింటికి మొదలుపెట్టండి. ఎండ గురించి ఒక్కటే కాదు, ఇంజన్ రాత్రంతా చల్లారి ఉండాలి. ట్యాపెట్లు, అంటే వాల్వులకీ వాటిని నొక్కే రాకర్లకీ మధ్య సందు, చల్లటి ఇంజన్ మీదే సెట్ చేస్తాం.

1. గేరు న్యూట్రల్, హ్యాండ్ బ్రేకు, వెనక చక్రాలకి అడ్డం రాళ్లు. బ్యాటరీ నెగెటివ్ వైరు తీసేయండి. ఇది మరిచిపోతే ఎవరో పిల్లాడు తాళం తిప్పి మీ వేళ్లు పుల్లీలో పెట్టిస్తాడు.

2. డ్రైవర్ వైపు ముందు చక్రం లేపి, స్టాండు పెట్టి, చక్రం తీయండి. 800లో బెల్టు ఆ వైపే ఉంటుంది. కొన్ని బళ్లలో ఆ వైపు ఇంజన్ మౌంటింగు అడ్డొస్తుంది. అప్పుడు ఆయిల్ చాంబరు కింద చెక్క పెట్టి, దాని మీద జాకీతో ఇంజన్ బరువు ఆపి, మౌంటింగు విప్పండి. చెక్క లేకుండా జాకీ పెడితే చాంబరు సొట్టపోతుంది.

3. ఆల్టర్నేటర్ వదులు చేసి ఫ్యాను బెల్టు తీయండి. వాటర్ పంపు పుల్లీ తీయండి. దీంట్లో పంపుని తిప్పేది ఫ్యాను బెల్టు, టైమింగ్ బెల్టు కాదు. పంపు ఇరుసుని పట్టుకుని ఊపి చూడండి. ఆడినా, కింది రంధ్రం దగ్గర కూలెంట్ మరకలున్నా పంపు కూడా ఇప్పుడే మార్చేయండి, ఎలాగూ ఇంతదాకా విప్పాం. కూలెంట్ దింపితే పళ్లెంలో వదిలేయకండి, తియ్యగా ఉంటుందని వీధి కుక్కలు తాగి చస్తాయి.

4. క్రాంక్ పుల్లీ చుట్టూ ఉన్న చిన్న బోల్టులు విప్పండి. పుల్లీ తిరిగిపోతుంటే ఒకరు కార్లో కూర్చుని టాప్ గేరేసి బ్రేకు తొక్కాలి. విప్పాక మళ్లీ న్యూట్రల్‌కి తెచ్చారా అని రెండుసార్లు అడగండి. మధ్యలో ఉన్న పెద్ద బోల్టు ఉంచేయండి. ఇంజన్ని చేత్తో తిప్పేది దాంతోనే.

5. బయటి టైమింగ్ కవరు బోల్టులు తీయండి. అన్నీ ఒకే పొడుగు ఉండవు. అట్టముక్క మీద కవరు బొమ్మ గీసి, ఏ బోల్టు ఎక్కడిదో ఆ చోట గుచ్చి పెట్టుకోండి.

మా బావమరిది బండి కవరు ఊడదీయగానే ఒండ్రు ఎండిన పెచ్చులు బొటబొటా రాలాయి. టార్చి వేసి చూస్తే టెన్షనర్ చుట్టూ గోధుమరంగు పొడి. బేరింగుని వేలితో తిప్పితే గరగరమంటూ కదిలి, ఒక చోట ఆగి, మళ్లీ కదిలింది. మంచి బేరింగు చప్పుడు లేకుండా, వెన్న మీద వేలు జారినట్టు తిరగాలి. "ఇన్నాళ్లూ దీని మీదే గుంటూరు తిరిగొచ్చానా బావా?" అని వాడు గోడకి ఆనుకుని కూర్చున్నాడు. అలాంటి బురద కనిపిస్తే నీళ్ల పైపు పెట్టకండి. బ్రష్షుతో దులిపి, పొడి గుడ్డతో తుడవండి, గాలి పంపు ఉంటే కొట్టండి.

గుర్తులు

ఇప్పుడు టీ తాగి రండి. నిజంగానే చెబుతున్నా.

ప్లగ్గులు మూడూ తీసేయండి. కంప్రెషన్ లేకపోతే ఇంజన్ చేతికి తేలిగ్గా తిరుగుతుంది, ఎక్కడ కావాలంటే అక్కడ ఆగుతుంది. క్రాంక్ మధ్య బోల్టుకి పానా వేసి, పుల్లీ వైపు నుంచి చూస్తే గడియారం ముల్లు తిరిగే దిశలో తిప్పండి. ఎప్పుడూ ఈ ఒక్క దిశే. వెనక్కి తిప్పితే బెల్టు వదులు టెన్షనర్ లేని వైపు చేరి, పన్ను జారొచ్చు. క్యామ్ బోల్టు పట్టుకుని ఇంజన్ని తిప్పడం అసలే వద్దు.

చూడాల్సిన గుర్తులు రెండు జతలు. కింద క్రాంక్ టైమింగ్ పుల్లీ మీద చిన్న చుక్క, దానికెదురుగా ఆయిల్ పంపు బాడీ మీద బాణం. పైన క్యామ్ పుల్లీ మీద గుర్తు, దానికెదురుగా వెనక కవరు మీద వి ఆకారం గాడి. మొదటిసారి చేసేవాళ్లు తడబడేది ఇక్కడే: క్రాంక్ గుర్తు ప్రతి చుట్టుకీ కలుస్తుంది, క్యామ్ గుర్తు మాత్రం రెండు చుట్లకి ఒకసారే కలుస్తుంది. కింద కలిసి పైన పూర్తిగా ఎదురు దిశలో ఉంటే కంగారు పడకండి, ఇంకో చుట్టు తిప్పండి.

రెండూ కలిశాక గుర్తుల మీద మట్టి గీకి, వైట్నర్ చుక్క పెట్టండి. చుక్క చిన్నదిగా ఉండాలి. నేను 2021లో పెళ్లికూతురి బుగ్గన చుక్కలా ఇంత పెట్టాను, ఆ చుక్క వెడల్పులోనే ఒక పన్ను మునిగిపోయింది. మీ కన్ను గుర్తుకి నేరుగా ఉండాలి. పై నుంచి వంగి చూస్తే అర పన్ను తేడా కనిపిస్తుంది. ఫోన్ని పుల్లీకి ఎదురుగా పెట్టి ఫొటో తీసి, పెద్దది చేసి చూడటం మేలు.

ఇంకో జాగ్రత్త. ఆ చుక్క ఎదురుగా పాత బెల్టు మీద కూడా పైనొకటి, కిందొకటి వైట్నర్ గీతలు పెట్టండి. బెల్టు తీశాక ఆ రెండు గీతల మధ్య పళ్లు లెక్కపెట్టి, అదే లెక్కతో కొత్త బెల్టు మీద గీతలు వేయండి. టెన్షనర్ లేని వైపు ఒకసారి, ఉన్న వైపు ఒకసారి లెక్కపెట్టాలి, ఒకరు లెక్కపెట్టింది ఇంకొకరు సరిచూడాలి. ఇది పుల్లీ గుర్తులకి బదులు కాదు, తోడు మాత్రమే. పాత బెల్టే ఒక పన్ను తప్పి ఉంటే మీ గీతలూ ఆ తప్పునే మోసుకొస్తాయి. పుల్లీ గుర్తులదే తుది తీర్పు.

ట్యాపెట్లు వదులు చేయడం: నేను చేయనిది

ఈ మెట్టు చాలామంది వదిలేస్తారు. 2021లో నేనూ వదిలేశాను. ట్యాపెట్ కవరు తీసి, ఆరు రాకర్ల లాక్ నట్లు వదులు చేసి, స్క్రూలు బాగా వెనక్కి తిప్పండి. ఎందుకంటే, వాల్వు స్ప్రింగులు ఎప్పుడూ క్యామ్‌ని నొక్కుతూనే ఉంటాయి. బెల్టు తీసిన మరుక్షణం ఆ ఒత్తిడికి క్యామ్ ఠక్కుమని పక్కకి తిరుగుతుంది. నాకు అదే జరిగింది. చేత్తో వెనక్కి లాగిపెట్టి, అది జారేలోపు హడావిడిగా బెల్టు తొడిగాను.

నష్టం అక్కడితో ఆగదు. స్ప్రింగుల ఒత్తిడి క్యామ్ మీద ఉండగా బెల్టు వేస్తే, ఒక వైపు లాగినట్టు, ఇంకో వైపు వదులుగా ఉంటుంది. టెన్షనర్ ఆ తప్పుడు వదులునే నిజమనుకుని సర్దుకుంటుంది. స్క్రూలు వదులు చేస్తే క్యామ్ వేలితో తిప్పినా తిరుగుతుంది, టెన్షన్ సరిగ్గా వస్తుంది. పైగా వాల్వులన్నీ మూసుకుని ఉంటాయి కాబట్టి పిస్టన్ తగులుతుందన్న భయమూ లేదు.

పాతది తీసి కొత్తది వేయడం

టెన్షనర్ బోల్టు, పక్కనున్న స్టడ్డు నట్టు వదులు చేసి, టెన్షనర్‌ని స్ప్రింగుకి ఎదురుగా నెట్టండి. బెల్టు వదులవుతుంది. పక్కకి జరుపుకుంటూ తీయండి. స్ప్రింగు ఏ కొక్కెం ఎటు తగిలి ఉందో ముందే ఫొటో తీసుకోండి, లేకపోతే అరగంట దాంతోనే కుస్తీ.

బెల్టు లేనప్పుడు సీళ్లు చూడండి. క్యామ్ వెనకా, క్రాంక్ వెనకా నూనె చెమట కనిపిస్తే మార్చాల్సిందే, లేకపోతే కొత్త బెల్టు ఆరు నెలల్లో నానుతుంది. పాత సీలుని పీకేటప్పుడు షాఫ్టు మీద గీత పడకూడదు. కొత్త సీలు పెదవికి కాస్త ఇంజన్ ఆయిల్ రాసి, సీలంత వెడల్పున్న బాక్స్ పానా ఆనించి, చుట్టూ సమానంగా తట్టి దించండి. క్రాంక్ సీలుకి మధ్య బోల్టు విప్పి పుల్లీ తీయాలి. దాని కీ (పుల్లీ షాఫ్టు మీద జారకుండా పట్టే చిన్న ఇనుప ముక్క) జారి కింద పడకుండా చూసుకోండి.

కొత్త టెన్షనర్ స్ప్రింగుతో సహా పెట్టి, బోల్టు చేతి బిగింపు మాత్రమే ఇవ్వండి. అది వేలితో నెడితే తేలిగ్గా జరిగి, వదిలితే వెనక్కి రావాలి. పుల్లీల పళ్లలో ఆయిల్, బురద లేకుండా తుడవండి.

గుర్తులు మళ్లీ చూసుకోండి. బెల్టు మీద బాణం ఉంటే అది ఇంజన్ తిరిగే దిశకి ఉండాలి. ముందు కింద క్రాంక్ పుల్లీకి తొడిగి, టెన్షనర్ లేని వైపు బెల్టుని బిర్రుగా లాగిపట్టి, ఆ బిగువు పోకుండా క్యామ్ పుల్లీ మీదికి ఎక్కించి, చివరికి టెన్షనర్ మీదుగా జార్చండి. పన్ను కుదరకపోతే క్యామ్‌ని వెంట్రుకవాసి తిప్పి కుదర్చండి, బెల్టుని లాగి కాదు. వదులంతా టెన్షనర్ వైపే చేరాలి. రెండో వైపు వదులుంటే, చూడటానికి గుర్తులు కలిసినట్టే ఉంటాయి, స్ప్రింగు వదిలి ఒక చుట్టు తిప్పగానే పక్కకి పోతాయి.

ఇప్పుడు టెన్షనర్‌ని వదిలేయండి, స్ప్రింగు దాని పని అది చేసుకుంటుంది. మీరు రాడ్డు పెట్టి అదనంగా నొక్కకండి. బెల్టు మరీ బిగువైతే విమానంలా కూత పెడుతుంది, బేరింగు త్వరగా పోతుంది.

క్రాంక్‌ని రెండు నిండు చుట్లు తిప్పండి. మెల్లగా. ఎక్కడైనా గట్టిగా అడ్డం తగిలితే అక్కడే ఆగండి, బలం పెట్టకండి. ప్లగ్గులు లేని ఇంజన్ ఊరికే అడ్డుకోదు. రెండు చుట్ల తర్వాత రెండు జతల గుర్తులూ మళ్లీ ఎదురెదురుగా రావాలి. వస్తే ముందు స్టడ్డు నట్టు, ఆ తర్వాత టెన్షనర్ బోల్టు బిగించండి. మళ్లీ రెండు చుట్లు. మళ్లీ చూడండి. పన్నులో సగం తేడా కనిపించినా "పర్లేదులే" అనకండి. అలా అనే నేను ఫ్లైఓవర్ దాకా వెళ్లింది. ఒక పన్ను సరిచేయడానికి ఇప్పుడైతే 10 నిమిషాలు, అన్నీ బిగించాక అయితే మళ్లీ ఒక పూట.

ట్యాపెట్లు సెట్ చేయడం

వదులు చేసిన ఆరింటినీ ఇప్పుడు సరిచేయాలి. ఒక వాల్వు రాకర్‌ని చూడండి. దాని క్యామ్ ముక్కు (ఉబ్బెత్తు భాగం) రాకర్ నుంచి దూరంగా తిరిగి ఉన్నప్పుడే సెట్ చేయాలి. 0.15 మిల్లీమీటర్ల రేకు స్క్రూకీ వాల్వు కాడకీ మధ్య పెట్టి స్క్రూ తిప్పండి. రేకు లాగితే సన్నగా పట్టుకుంటూ జారాలి, అప్పడాల మధ్య కాగితం లాగినంత. స్క్రూ కదలకుండా పట్టుకుని లాక్ నట్టు బిగించి, రేకుతో మళ్లీ చూడండి. నట్టు బిగించేటప్పుడు స్క్రూ కూడా తిరిగి సందు మారిపోవడం మామూలే. నాకైతే ప్రతి వాల్వుకీ రెండుమూడు ప్రయత్నాలు పట్టాయి, ఇందులో సిగ్గుపడేదేం లేదు.

సందు ఎక్కువైతే టిక్ టిక్ వినిపిస్తుంది, అంతకంటే పెద్ద నష్టం లేదు. తక్కువైతే చప్పుడే ఉండదు కానీ వేడెక్కాక వాల్వు పూర్తిగా మూసుకోక కాలిపోతుంది. అటో ఇటో అనుకుంటే కాస్త చప్పుడే నయం.

బిగించడం, మొదటి స్టార్టు

ట్యాపెట్ కవరు కొత్త గాస్కెట్‌తో, టైమింగ్ కవరు, క్రాంక్ పుల్లీ, వాటర్ పంపు పుల్లీ, ఫ్యాను బెల్టు, మౌంటింగు, చక్రం, అన్నీ విప్పిన వరుసకి తిరగేసి. ఫ్యాను బెల్టు మధ్యలో బొటనవేలితో గట్టిగా నొక్కితే సెంటీమీటరు లోపు దిగాలి. అట్ట మీద బోల్టు ఒక్కటి కూడా మిగలకూడదు. మిగిలితే అది ఎక్కడిదో తేలేదాకా స్టార్ట్ చేయకండి. కూలెంట్ దింపి ఉంటే నింపండి.

బ్యాటరీ కలిపాక, ప్లగ్గులు పెట్టకుండానే ఇగ్నిషన్ కాయిల్‌కి వచ్చే కరెంటు వైరు తీసి, అయిదు సెకన్లు సెల్ఫ్ కొట్టండి. ఇంజన్ ఒకే లయలో తిరగాలి, లోపల టంగుమని ఏదీ తగలకూడదు. బాగుంటే ప్లగ్గులు పెట్టి, వైర్లు ఏ సిలిండరుది ఆ సిలిండరుకే కలిపి స్టార్ట్ చేయండి.

స్టార్టయ్యాక బానెట్ దగ్గర చెవి పెట్టండి. సన్నటి ఈల మొదటి కాసేపు ఉంటే ఫర్వాలేదు, వేడెక్కాక కూడా ఉంటే టెన్షన్ ఎక్కువైనట్టు. తట్టు తట్టుమని కవరుకి కొట్టుకుంటుంటే బెల్టు వదులు, వెంటనే ఆపేయండి. డిస్ట్రిబ్యూటర్‌ని క్యామే తిప్పుతుంది కాబట్టి ఇగ్నిషన్ టైమింగ్ కూడా ఒకసారి చూపించుకోండి. టైమింగ్ లైట్ మీ దగ్గర లేకపోతే ఈ ఒక్క పనికి మెకానిక్ దగ్గరికి వెళ్లడం నామోషీ కాదు.

మా బావమరిది బండిని ఆ సాయంత్రమే కనకదుర్గ ఫ్లైఓవర్‌కి తీసుకెళ్లాం. వాడు నడిపాడు, నేను పక్కన కూర్చుని చెవులు రిక్కించాను. మూడో గేరులోనే ఎక్కింది. దిగాక ప్రకాశం బ్యారేజీ దగ్గర ఆపి బానెట్ ఎత్తి, టార్చి వేసి, సీళ్ల కింద నూనె చుక్క ఏమైనా ఉందా చూశాం. లేదు. 100 కిలోమీటర్లు తిరిగాక మళ్లీ ఒకసారి పై కవరు తీసి చూడమని చెప్పాను. తేదీ, మీటరు రీడింగు కాగితం మీద రాసి, టేపేసి బానెట్ లోపల అంటించాం. పాత టెన్షనర్ బేరింగుని మాత్రం వాడు పారేయనివ్వలేదు. డాష్‌బోర్డు మీద, వినాయకుడి పక్కన పెట్టుకున్నాడు.